సోమయాజులంటే శంకరశాస్త్రి ఒక్కడేనా?

ప్రశ్న: జె.వి.సోమయాజులు గారి పేరెత్తితే అందరూ ‘శంకరాభరణం’ సినిమాలో సంగీత విద్వాంసుడు శంకరశాస్త్రి దగ్గరే ఆగిపోతారు. అది కాక ఆయన చేసిన గొప్ప వేషం ఇంకేదైనా ఉందా? మా నాన్నగారేమో ఆయన అసలు స్టేజీ ఆర్టిస్టు అంటారు.
– ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: మీ నాన్నగారిదే కరెక్టండీ. ముందు మీకు సంతోషం కలిగించే సంగతి ఒకటి. ఆయన 1928లో పుట్టిన లుకలాం అగ్రహారం ఇప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉంది గానీ, 1936లో ఒరిస్సా ఏర్పడేదాకా ఆ ప్రాంతమంతా మీ గంజాం జిల్లాలోదే, కాబట్టి మా జిల్లా మనిషే అని దర్జాగా చెప్పుకోండి.

ఇక వేషాల సంగతి. విజయనగరంలో నాటకాలాడే రోజుల్లో ‘కన్యాశుల్కం’లో తమ్ముడు రమణమూర్తి గిరీశం, ఈయన రామప్పంతులు. కోర్టు పేచీలు, మధురవాణితో సరసాలు, ఎవరి పెళ్లయినా తన వాటా తనకు ముట్టాలనే యావ, ఇదంతా ఆడి జనాన్ని నవ్వించిన మనిషికి 1980లో ‘శంకరాభరణం’ రాగానే సినిమావాళ్లు శాలువా కప్పేసి ఇక కదలొద్దన్నారు! అప్పటికి ఆయనకు యాభై దాటాయి, ఉద్యోగం డిప్యూటీ కలెక్టర్. పాడింది బాలు, దానికి నేషనల్ అవార్డు కూడా వచ్చింది. అయినా ఆ తలెత్తే తీరు, తాళం వేసే చెయ్యి, శిష్యుల మీద ఆ కోపం చూసి ఈయన నిజం విద్వాంసుడే అనుకున్నవాళ్లు ఎంతమందో. నాటకాల్లో నలిగిన ఒళ్లు కదా మరి.

మీరడిగిన వేషానికి నా ఓటు ‘సప్తపది’ (1981)కే. అందులో ఆయన పూజారి, మనవరాలి మనసు ఒక హరిజన కుర్రాడి మీద ఉందని తెలిశాక, పుట్టినప్పటినుంచీ నమ్మిన ఆచారంతో తనే పోట్లాడి, చివరికి ఆమెను అతనికే అప్పగించే తాత. అరవకుండా, ఏడవకుండా చేశారు చూడండి, అది కష్టం. ‘విజేత’ (1985)లో చిరంజీవికి తండ్రిగా మామూలు సంసారి. ఇవన్నీ బాగానే ఉన్నాయి గానీ, సినిమావాళ్లు ఆయనలోని రామప్పంతుల్ని సరిగ్గా వాడుకోలేదని నాకు ఇప్పటికీ కోపమే.

ప్రశ్న: రమణమూర్తి గారు, సోమయాజులు గారు సొంత అన్నదమ్ములా? సినిమాల్లోకి ముందు ఎవరొచ్చారు?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: సొంత అన్నదమ్ములే. తమ్ముడే ముందు, 1957లో ‘ఎం.ఎల్.ఎ.’తో వచ్చేశారు. అన్నగారు 2004లో, తమ్ముడు 2016లో కన్నుమూశారు. ‘సప్తపది’లో ఇద్దరూ ఉన్నారు, ఈసారి చూసేటప్పుడు తమ్ముణ్ణి కూడా గమనించండి.