ఒట్టి డ్రమ్స్ ముక్కకి అంత గిరాకీ ఎందుకు?

ప్రశ్న: 'ఫంకీ డ్రమ్మర్' పాట దాదాపు 7 నిమిషాలు. హిప్‌హాప్ వాళ్లు తమ పాటల్లో వాడుకోడానికి అందులో డ్రమ్స్ ముక్కనే ఎందుకు పట్టుకున్నారు?

జవాబు: అక్కడ ఇంకో వాయిద్యం లేదు కనుక. అమెరికన్ ఫంక్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ బృందం 1969 నవంబరులో సిన్సినాటిలోని కింగ్ స్టూడియోలో దాన్ని రికార్డు చేసింది. అయిదున్నర నిమిషాలు దాటాక మిగతావాళ్లు ఆగుతారు. డ్రమ్మర్ క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ ఒక్కడే 8 బార్లు (ఒక్కో బార్ 4 బీట్ల ఆవర్తం), సుమారు 20 సెకన్లు వాయిస్తాడు. బేస్ గిటార్ కలిసి ఉంటే దాని శ్రుతి కొత్త పాటతో పేచీ పెట్టుకుంటుంది. ఒట్టి డ్రమ్స్‌తో ఆ గొడవ తక్కువ.

యంత్రం ఇరుకు కూడా ఒక కారణమే. పాత రికార్డుల్లోంచి శబ్దపు ముక్కల్ని (శాంపిళ్లని) ఎక్కించుకుని వాయించే యంత్రం శాంప్లర్. 1987లో వచ్చిన ఎస్పీ-1200 శాంప్లర్‌లో మొత్తం పట్టేది 10 సెకన్లు, ఒక్కో ముక్క రెండున్నర సెకన్లు మించకూడదు. నిమిషానికి 100 బీట్ల వేగంలో ఒక బార్ 2.4 సెకన్లు, అంటే అంచుల దాకా నిండినట్టే. అందుకని నిమిషానికి 33 చుట్లు తిరగాల్సిన రికార్డును 45 చుట్ల వేగంలో తిప్పి ఎక్కించేవారు. 2.4 సెకన్లు 1.78కి కుదించుకుపోతాయి. తర్వాత శాంప్లర్‌లో అయిదు స్వరస్థానాలకు కాస్త ఎక్కువే దించితే పాత వేగం వచ్చేస్తుంది. శబ్దాన్ని 12 బిట్ల తక్కువ నాణ్యతతో దాచుకునే ఆ యంత్రంలో అలా దించినప్పుడు శబ్దం గరుకెక్కుతుంది. మొదట అది లోపమే, తర్వాత జనం దాన్నే కోరుకున్నారు.

ప్రశ్న: నేను ఆ ముక్కను లూప్ చేస్తే (పదే పదే తిరిగేలా పెడితే) ప్రతి చుట్టుకీ 'టిక్'మంటోంది, తాళం కూడా తడబడుతోంది.

జవాబు: రెండూ వేర్వేరు తప్పులు. ధ్వని తరంగం సున్నా గీతను దాటే చోట కాకుండా మధ్యలో కోస్తే టిక్‌మంటుంది. కోతను ఆ చోటికి జరిపి, చివర 2-3 మిల్లీసెకన్ల ఫేడ్ ఇవ్వండి (శబ్దం మెల్లగా తగ్గేలా చేయండి). తడబాటు నిడివిది. 240ని బీపీఎంతో (నిమిషానికి ఎన్ని బీట్లో ఆ అంకెతో) భాగిస్తే 4 బీట్ల బార్ ఎన్ని సెకన్లో తెలుస్తుంది: 101కి 2.376. మీరు 2.4 దగ్గర కోస్తే చుట్టు చుట్టుకీ 24 మిల్లీసెకన్లు వెనకబడతారు. అయినా మనిషి వాయించిన బార్లన్నీ ఒకే నిడివి ఉండవు. ముందు ఒక బార్ తొలి కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ దెబ్బ) మొదలు నుంచి తర్వాతి బార్ తొలి కిక్ మొదలు దాకా కోసి, ఆ నిడివి నుంచే బీపీఎం లెక్కకట్టండి. దెబ్బలన్నిటినీ లెక్క ప్రకారం సమానంగా సర్దేసే క్వాంటైజ్ జోలికి మాత్రం వెళ్లకండి. స్నేర్ (కర్రలతో కొట్టే చిన్న డ్రమ్) మీద వినీ వినపడనట్టు పడే చిన్న దెబ్బల్లోనే ఆ ఊపంతా ఉంది.

ప్రశ్న: క్లైడ్‌కి డబ్బులు ముట్టాయా?

జవాబు: శాంపిళ్లకి రాయల్టీ రాలేదు. హక్కులు రెండు: పాట రచనది, రికార్డింగ్‌ది. జీతానికి వాయించిన అతనికి రెంటిలోనూ వాటా లేదు.