పెద్దవాళ్లకు జ్ఞానస్నానం (బాప్తిస్మం) ఇవ్వడానికి ఈస్టర్ దాకా ఎందుకు ఆగమంటారు?

సికింద్రాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ కథోలిక సంఘంలో చేరాలనుకుంటున్న మిమ్మల్ని, విచారణ గురువుగారు (మీ ప్రాంతపు చర్చి ఫాదర్) తపస్సు కాలమంతా, అంటే ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస దినాలన్నీ, తరగతులకు రమ్మన్నారని, ఇంత ఆలస్యం ఎందుకని అడిగారు.

ఆయన కాలయాపన చేయడం లేదు. పెద్దవాళ్లను మెట్టు మెట్టుగా సిద్ధం చేసే తొలి శతాబ్దాల నాటి ఈ పద్ధతి మరుగున పడితే, కథోలిక పీఠాధిపతుల సభ అయిన రెండవ వాటికన్ మహాసభ పునరుద్ధరించమంది; 1972లో దానికి ప్రత్యేక క్రమం వెలువడింది. తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారం నుంచి పాస్కా జాగరణ (ఈస్టర్ ముందు రాత్రి ఆరాధన) వరకు, ఆదివారాలు తీసేస్తే, 40 రోజులు. నెలల తరబడి సాగే శిక్షణకు ఇది చివరి మెట్టు.

అసలు రుచి తపస్సు కాలపు 3, 4, 5 ఆదివారాల్లో ఉంది. జ్ఞానస్నానానికి సిద్ధమయ్యేవారి కోసం ఆ రోజుల్లో యోహాను సువార్త నుంచి మూడు ఘట్టాలు చదువుతారు: బావి దగ్గర యేసు నీళ్లడిగిన సమరియ స్త్రీ, చూపు పొందిన పుట్టుగుడ్డివాడు, చనిపోయి మళ్లీ లేచిన లాజరు. మార్చి ఎండలో ట్యాంకరు కోసం బిందెలు వరుసపెట్టి నిలబడ్డ ఊరికి ఆ బావి కథను విడమరిచి చెప్పనక్కర్లేదు! దాహం, చూపు, ప్రాణం. జాగరణ రాత్రి చీకటి గుడిలోకి కొత్త నిప్పుతో వెలిగించిన పాస్కా వత్తి (పెద్ద కొవ్వొత్తి) వచ్చి, తర్వాత మీ తలపై నీళ్లు పడినప్పుడు ఆ మూడూ ఒక్కచోట చేరతాయి. వారాంతపు రెండు పాఠాలతో ఇది ఒంటబట్టదని నా అభిప్రాయం.

ఒక్క మాట: వేరే సంఘంలో త్రిత్వ నామమున (తండ్రి, కుమార, పవిత్రాత్మల పేరిట) నీటితో ఇప్పటికే బాప్తిస్మం పొంది ఉంటే గురువుగారికి ముందే చెప్పండి. దాన్ని మళ్లీ ఇవ్వరు; మీ దారి ఇంతకంటే చిన్నది కావచ్చు.