పరాన్నజీవికి ఆతిథ్యమా?

సందేహం: ధ్రువప్రాంతాల సముద్రపు మంచులో పెరిగే నాచును పట్టి పీల్చే శిలీంధ్రాల గురించి చదివాను. వాటిని ఒకచోట ‘పరాన్నజీవి’ అన్నారు, మరోచోట ‘పరాన్నభుక్కు’, ఇంకోచోట ‘బదనిక’. పాపం ఆ నాచు కణమేమో ‘ఆతిథేయి’ అట. ఏది ఒప్పు?

సమాధానం: పరుల అన్నంతో బతికేది పరాన్నజీవి, దాన్ని తినేది పరాన్నభుక్కు. రెండూ సాధువులే, వాడుక మాత్రం మొదటిదాని పక్షం. ఇంగ్లీషు ‘పారసైట్’కు మూలమైన గ్రీకు ‘పారాసీటోస్’ కూడా పరాన్నభోజే. ‘పారా’ అంటే పక్కన, ‘సీటోస్’ అంటే ధాన్యం, తిండి. పాత గ్రీకు హాస్యనాటకాల్లో ముఖస్తుతి చేసి భోజనం సంపాదించే పాత్ర పేరది. మనవాళ్లేం తక్కువ తిన్నారా! పరాన్నం దొరికినప్పుడు ఒంటిమీద జాలిపడకు, శరీరాలు మళ్లీ మళ్లీ వస్తాయి, పరాన్నం రాదు అని సంస్కృతంలో ఒక చాటువుంది.

అయితే మంచులో జరిగేది విందు కాదు. సముద్రం గడ్డకట్టేటప్పుడు ఉప్పు మంచులో ఇమడక, చిక్కటి ఉప్పునీరై సన్నటి కాలవల్లో మిగులుతుంది. అక్కడా, మంచు అడుగునా దయాటమ్‌లు, అంటే మీరు చెప్పిన ఏకకణ నాచు, పెరుగుతాయి. కైట్రిడ్ అనే శిలీంధ్రపు బీజం ఒంటితోకతో ఈదుకొచ్చి, సిలికా పెంకున్న ఆ కణానికి అతుక్కుని, లోపలికి సన్నటి పోగులు దింపి సారమంతా లాగేస్తుంది. తర్వాత పైన సంచి ఉబ్బి, కొత్త బీజాలు ఈదిపోతాయి. దయాటమ్ సాధారణంగా చస్తుంది. అన్నంతోపాటు అన్నదాతనూ తినేదాన్ని పరాన్నజీవి అంటే సరిపోతుందా అంటే, సరిపోదేమో. కానీ స్థిరపడ్డ మాటను కదపను.

నాకు ఒళ్లుమండేది ‘ఆతిథేయి’ దగ్గర. ప్రాణం తీసేవాడు అతిథి ఎలా అవుతాడండీ? ఇంగ్లీషులో ‘హోస్ట్’ కనబడగానే నిఘంటువులో మొదటి అర్థం దించేసే తొందర ఇది. అమరకోశం తిరగెయ్యండి. కాకి ‘పరభృత్’, పరుల్ని పోషించేది. కోకిల ‘పరభృత’, పరులు పోషించినది. చివరి అకారమొక్కటే తేడా! ఆ ఒరవడిలో ‘పోషకకణం’ అనొచ్చు. పోషకపదార్థాలతో కలగాపులగమవుతుందంటే, ఆ అభ్యంతరమూ కొట్టిపారేసేది కాదు.

బదనిక చెట్లకొమ్మల మీద మొలిచే మొక్క, ఇక్కడ పొసగదు. ‘నాచు’ తప్పుకాదు గానీ, దయాటమ్‌లు మంచు అడుగుకి పట్టించేది గోధుమరంగు, ‘శైవలం’ నయం. ‘కైట్రిడ్’కు గ్రీకులో చిట్టికుండ అని అర్థం. దాన్ని ‘కుండబూజు’ చేద్దామనే ఉత్సాహం ఎవరికైనా ఉంటే, దయచేసి ఆపుకోండి.