డాక్టర్ సలహా: మిషన్ పాడవలేదమ్మా, పడిపోయింది మీ షుగర్

ప్రశ్న: నా వయసు 58. మాది గుంటూరు. తొమ్మిదేళ్లుగా షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్ 500 రెండు పూటలా, గ్లిమెపిరైడ్ 1 ఎంజీ ఉదయం వేసుకుంటాను. రెండు నెలలుగా జర్మనీలోని లైప్‌జిగ్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. ఈస్టర్‌కి ఇక్కడ జడలా అల్లిన తియ్యని బ్రెడ్డు చేస్తారు. హేఫెత్సోప్ అంటారు. పక్కింటావిడ దగ్గర నేర్చుకుని నేనూ చేస్తున్నాను. చక్కెర బదులు బెల్లం వేస్తే నేను తినొచ్చా? తిన్న రోజు రాత్రి ముందు జాగ్రత్తగా గ్లిమెపిరైడ్ ఒకటి ఎక్కువ వేసుకుంటున్నాను. రెండుసార్లు తెల్లవారుజామున చెమటలు పట్టి చేతులు వణికాయి, హీటర్ వేడికేమో అనుకున్నాను. ఇక్కడ కొన్న మిషన్‌లో చూస్తే 3.4 వచ్చింది. మిషన్ పాడైనట్టుంది. ఓవెన్ ట్రే తగిలి ముంజేయి కాలితే టూత్‌పేస్ట్ రాశాను. పది రోజులైనా తడి ఆరలేదు.
- ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, బెల్లం సంగతి తర్వాత. ముందు ఆ మిషన్ సంగతి. మన దగ్గర షుగర్‌ని మిల్లీగ్రాముల్లో చూస్తాం. మీరున్న తూర్పు జర్మనీ వైపు మిల్లీమోల్స్‌లో చూస్తారు. అక్కడి అంకెను 18తో గుణిస్తే మన లెక్క వస్తుంది. 3.4 అంటే దాదాపు 61. షుగర్ 70 కంటే తగ్గితేనే మేం జాగ్రత్త పడతాం. మీ చెమటలు, వణుకు హీటర్ వల్ల వచ్చినవి కావనే నా అనుమానం.

ఆ ఎక్కువ మాత్ర ఈ రోజుతో ఆపేయండి. రోజూ ఉదయం వేసుకునేది మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు. దాన్ని తగ్గించాలా, మార్చాలా అన్నది మిమ్మల్ని చూసే డాక్టరే చెప్పాలి. ఉత్తరం చదివి డోసు చెప్పడం నాకు సాధ్యం కాదు, చెప్పకూడదు కూడా.

సంక్రాంతికి అరిసెలు తిన్నామని, పెళ్లి భోజనం ఉందని ఒక మాత్ర ఎక్కువ వేసుకుని వచ్చేవాళ్లను ఏటా చూస్తూనే ఉన్నాను. 'తిన్నదానికి సరిపోతుంది కదా సార్' అంటారు. సరిపోదు. బ్రెడ్డు వల్ల పెరిగే షుగర్ రెండు మూడు గంటల్లో దిగడం మొదలవుతుంది. గ్లిమెపిరైడ్ మాత్రం దాదాపు రోజంతా పనిచేస్తుంది. కడుపులో ఏమీ లేకపోయినా పాంక్రియాస్ చేత ఇన్సులిన్ వదిలిస్తూనే ఉంటుంది. అందుకే మీకు తెల్లవారుజామున అలా అయింది. కిడ్నీలు కాస్త నెమ్మదించి ఉంటే మందు ఇంకా ఎక్కువసేపు ఒంట్లో నిలుస్తుంది. కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష, క్రియాటినిన్, మీకు ఎంతో మీరు రాయలేదు. బీపీ మాత్రలు వాడుతున్నారో లేదో కూడా రాయలేదు. మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటివి వాడితే వణుకు, గుండెదడ సరిగా తెలియవు. చెమటలొక్కటే మిగులుతాయి. నిద్రలో అదీ తెలియకపోతే? ఇలా అడుగుతున్నది మిమ్మల్ని భయపెట్టాలని కాదు. మీ అమ్మాయికి ఈ విషయం చెప్పారా? చెప్పలేదనే అనిపిస్తోంది.

మళ్లీ అలా అనిపిస్తే మిషన్‌లో చూసుకోండి. 3.9 లోపు ఉంటే మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగండి. 15 నిమిషాలకు మళ్లీ చూడండి. పెరగకపోతే మళ్లీ తాగండి. మిషన్ దగ్గర లేకపోయినా ముందు తాగేయండి. ఆ సమయంలో బ్రెడ్డు ముక్క తినొద్దు, అందులోని వెన్న వల్ల చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. మనిషి మగతగా ఉంటే నోట్లో ఏమీ పోయకుండా 112కి ఫోన్ చేయాలని ఇంట్లో వాళ్లకు చెప్పి ఉంచండి. అంత అత్యవసరం కాకపోతే అక్కడ 116117 ఉంది.

ఇక మీరడిగింది. మామూలు జడ బ్రెడ్డుకు అరకిలో మైదా, 80 గ్రాముల చక్కెర పడతాయి కదా. పన్నెండు ముక్కలు కోస్తే ముక్కకు చక్కెర 7 గ్రాములు, మైదా నుంచి వచ్చే పిండిపదార్థం 30 గ్రాములు. మీరు చక్కెర బదులు బెల్లం వేసి ఆ 7 గ్రాముల గురించి ఆలోచిస్తున్నారు, 30 గ్రాములను వదిలేశారు. బెల్లంలోనూ ఎక్కువ భాగం చక్కెరే. పైన చల్లే పలుకుల చక్కెర, లోపలి ఎండుద్రాక్ష ఈ లెక్కలో వేయలేదు. ఒక ముక్క తిన్న పూట అన్నమో రొట్టెలో ఆ మేరకు తగ్గించుకోండి. పండగ రోజు సన్న ముక్క ఒకటి తింటే చాలామందికి పెద్ద ఇబ్బంది ఉండదు. అయితే మీ హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) తెలియకుండా 'తినండి' అని రాయలేను. చేయడం మానక్కర్లేదు. అల్లడం సరదా పనే, పక్కింటివాళ్లకూ పంచండి.

చేతి గాయం గురించి చివర్లో ఒక వాక్యం రాశారు. నాకైతే అది చిన్నది కాదు. షుగర్ ఉన్నవాళ్లకు పది రోజులైనా తడి ఆరని పుండు ఉందంటే డాక్టర్ చూడాలి. టూత్‌పేస్ట్, పసుపు, ఐస్ ఏదీ వద్దు. కాలిన వెంటనే కుళాయి నీటి కింద 20 నిమిషాలు పెట్టడమే సరైన పని, ఇప్పుడు ఆ సమయం దాటిపోయింది. టెటనస్ ఇంజెక్షన్ ఎప్పుడు తీసుకున్నారో గుర్తు చేసుకోండి. ఎర్రగా వాచినా, చీము, జ్వరం ఉన్నా ఆ రోజే వెళ్లండి. విజిట్ మీద వెళ్లినవాళ్లకు ట్రావెల్ ఇన్సూరెన్స్ పాత జబ్బులకు తరచుగా వర్తించదు. ఆ టెన్షన్‌తోనే చాలామంది ఆగిపోతారు. కాలిన గాయం కొత్తది. పాలసీ కాగితం తీసి చూడమని మీ అమ్మాయికి చెప్పండి. గుడ్ ఫ్రైడే, ఈస్టర్ ఆదివారం, సోమవారం అక్కడ చాలా వరకు అన్నీ మూసేస్తారు, ఆ రోజుల్లో మందుల షాపుల్లో కూడా డ్యూటీలో ఉన్నవే తెరుస్తారు. కాబట్టి గురువారం లోపే చూపించుకోండి. ఎక్కువ వేసుకోవడం వల్ల తీసుకెళ్లిన మాత్రలు ముందే అయిపోతాయేమో లెక్క చూసుకోండి. అక్కడి డాక్టర్ చీటీ లేకుండా గ్లిమెపిరైడ్ ఇవ్వరు.

గుంటూరులో మిమ్మల్ని చూసే డాక్టర్ గారికి ఈ రోజే ఫోన్ చేయండి. 3.4 సంగతి మొదట చెప్పండి, బెల్లం గురించి తర్వాత అడగొచ్చు.