యాప్ డిలీట్ చేసినా నెలనెలా 299 కట్ అవుతుంటే

సినిమాల యాప్ తీసేసినా మూడు నెలలుగా 299 పోతోందని, ఫోన్‌పేలో వెతికితే ఏమీ లేదని మీరు అడిగారు. ఆటోపే, అంటే నెలనెలా దానంతటదే డబ్బు కట్ అయ్యే ఏర్పాటు, ఇంకా నడుస్తోంది, అదీ సంగతి. మీరు ఫోన్‌లోంచి సినిమాల యాప్ తీసేస్తే పోయింది యాప్ ఒక్కటే. పిన్ కొట్టి ఇచ్చిన అనుమతి అలాగే ఉంది.

1. మొదటిసారి ఏ యూపీఐ యాప్‌తో కట్టారో అదే తెరవండి. అందరూ తప్పేది ఇక్కడే. ఫోన్‌పేలో వెతికితే ఏమీ లేదన్నారు కదా, గూగుల్ పేలో పెట్టింది అక్కడ కనబడకపోవచ్చు. నేనూ రెండు నెలలు తప్పు యాప్‌లోనే వెతికాను. పాత బ్యాంకు మెసేజ్‌లో యూపీఐ ఐడీ ఉంటే చూడండి, ఏ యాప్‌దో తెలిసిపోతుంది.

2. ప్రొఫైల్‌లో ఆటోపేలోకి వెళ్లి, ఆ 299 మీద క్యాన్సిల్ నొక్కి, పిన్ ఇవ్వండి. పాజ్ నొక్కకండి, గడువు తీరగానే మళ్లీ కోత మొదలు.

3. ఎక్కడా లేకపోతే కార్డు మీద పెట్టి ఉంటారు. బ్యాంకు యాప్‌లో ఈ-మ్యాండేట్లు, అంటే కార్డు మీద ఇచ్చిన ఆటోపే అనుమతులు, చూడండి.

కట్ అవడానికి కనీసం 24 గంటల ముందు మెసేజ్ రావాలన్నది రిజర్వ్ బ్యాంకు నిబంధన. అది వచ్చేదాకా ఆగకండి, ఇవాళే చేసేయండి. పోయిన మూడు నెలల డబ్బు కంపెనీ కస్టమర్ కేర్‌ని అడగండి, ఇస్తే ఇస్తారు.