ఖనిజాలు కలిసిన సహజ జలాలు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకోగలవా?

పట్టుకుంటాయి. ఒమన్ కొండల్లో ఆ పని ఎప్పటి నుంచో దానంతటదే జరుగుతోంది. మామూలుగా భూగర్భంలో లోతున ఉండే పెరిడోటైట్ రాయి అక్కడ నేల మీదే కనిపిస్తుంది. వాన నీరు దాని పగుళ్లలోకి ఇంకి, రాయితో చర్య జరిపి, కాల్షియం హైడ్రాక్సైడ్ కలిసిన ఊటగా బయటికొస్తుంది. పీహెచ్ 11 దాటుతుంది. అంటే దాదాపు సున్నపు తేటే. గాలి తగలగానే కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటుంది. మడుగు మీద తెల్లగా, పల్చగా తెట్టు కడుతుంది. అది కాల్సైట్, సున్నపురాయిలో ఉండే ఖనిజమే.

మరి సున్నం నీళ్లలో కలిపి మనమే చేసుకోవచ్చుగా అంటారా? లాభం లేదు. 100 గ్రాముల సున్నపురాయిని కాలిస్తేనే 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది. ఆ సున్నం తర్వాత పీల్చుకునేది మహా అయితే అంతే. బట్టీ పొగ అదనం. ఒమన్ ఊటల్లోని కాల్షియం ప్రధానంగా కార్బన్ లేని సిలికేట్ ఖనిజాల నుంచి వచ్చింది కాబట్టి ఈ తిరకాసు లేదు.

చిక్కల్లా వేగంతోనే, సహజంగా జరిగేది చాలా నెమ్మది. మనుషులు పూనుకుంటే వేగం పెంచొచ్చు. ఐస్‌లాండ్‌లో కార్బ్‌ఫిక్స్ అనే సంస్థ వాళ్లు కార్బన్ డయాక్సైడ్ గ్యాస్‌ను నీళ్లలో కరిగించి, లావా గట్టిపడి ఏర్పడిన బసాల్ట్ రాతిలోకి పంపుతున్నారు. 2012లో పంపినదాంట్లో 95 శాతానికి పైగా రెండేళ్లలోపే రాయిగా మారింది. కాకపోతే టన్ను గ్యాస్‌కు సుమారు 25 టన్నుల నీళ్లు కావాలి. మన దక్కన్‌లోనూ బసాల్ట్ బోలెడుంది, అన్ని నీళ్లే కష్టం.