హైదరాబాదులో దిగాక వైజాగ్ విమానానికి రెండున్నర గంటలు సరిపోతాయా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది: అమ్మగారు, నాన్నగారు డాలస్ నుంచి దోహా మీదుగా వచ్చి తెల్లవారుజామున రెండున్నరకు శంషాబాద్‌లో దిగుతారు. ఐదింటికి వైజాగ్ విమానం చౌకగా దొరుకుతోంది, కానీ ఆ టికెట్టు విడిగా కొనాలి. ఇద్దరికీ డెబ్బై దాటాయి, నాన్నగారికి వీల్‌చైర్ అడిగారు. రెండున్నర గంటలు చాలవా అని.

చాలవు. ఆ టికెట్టు కొనకండి.

మా అత్తగారినీ మామగారినీ అమెరికా పంపించడం, తీసుకురావడం మా ఇంట్లో నా పనే. వైజాగ్ సీతమ్మధారలో మా వీధిలో అమెరికాలో పిల్లలు లేని ఇల్లు తక్కువ కాబట్టి, ఈ కనెక్షన్ లెక్కలు నా దగ్గరకే వస్తుంటాయి. అందరూ అడిగేది ఒక్కటే, మధ్యలో ఎన్ని గంటలుండాలి అని. నేను మాత్రం ముందు ఇంకోటి అడుగుతాను: ఆ విమానం తప్పితే దాని వెనక ఏముంది? ఆ సంగతి తర్వాత చెప్తాను, ముందు మీ రెండున్నర గంటలు ఎటుపోతాయో చూడండి.

ఐదింటి విమానానికి లగేజీ కౌంటరు మామూలుగా గంట ముందే, అంటే నాలుగింటికే మూసేస్తారు. అక్కడితో మీ చేతిలో మిగిలింది గంటన్నర. విమానం నేలమీద వాలాక గేటు దాకా వచ్చి తలుపు తీసేసరికి పదిహేను నిమిషాలు. వీల్‌చైర్ వాళ్లను అందరూ దిగాక చివర్లో దింపుతారు, ఇది చాలామందికి తెలీదు. కుర్చీలు తక్కువై మనుషులు ఎక్కువైతే తలుపు దగ్గరే కూర్చోబెట్టి ఆగమంటారు. అలా మూడూ పదికి గాని కదలరు. గల్ఫ్ వైపు నుంచి వచ్చే విమానాలు చాలావరకు తెల్లవారుజామునే వరసగా దిగుతాయి కాబట్టి ఇమిగ్రేషన్ దగ్గర వరస పొడుగ్గానే ఉంటుంది. వీల్‌చైర్ తోసే అబ్బాయి పక్కనుంచి తీసుకెళ్తాడు, ఆ మేరకు లాభం. ఆ తర్వాత బెల్టు. నాలుగు పెద్ద సూట్‌కేసులూ ఒకదాని వెనక ఒకటి వచ్చేస్తాయని ఏమీ లేదు, మూడు వచ్చి నాలుగోదాని కోసం నిలబడి ఉండటమే ఎక్కువ. తర్వాత కస్టమ్స్. అంతా బాగా జరిగినా నాలుగు దాటుతుంది. ఇదంతా విమానం టైముకు దిగితే!

దోహాలో సామాను మారినట్టే హైదరాబాదులోనూ దానంతటదే వైజాగ్ విమానంలోకి వెళ్లిపోతుందని మీరు అనుకుంటున్నట్టు మీ ప్రశ్నలో కనిపించింది. మామూలుగా అలా జరగదు. మన దేశంలో మొదట ఎక్కడ దిగితే అక్కడే ఇమిగ్రేషన్, అక్కడే పెట్టెలు తీసుకుని కస్టమ్స్ దాటించి, మళ్లీ దేశీయ విమానానికి అప్పగించాలి. అమెరికా వెళ్లేటప్పుడు వాళ్లు మొదట దిగిన ఊళ్లో చేసినదే ఇదీ. మొత్తం ఒకే టికెట్టయితే డాలస్‌లో వేసే ట్యాగు మీద వీటీజెడ్ అని వైజాగ్ కోడే ఉంటుంది. అది చూసి పెద్దవాళ్లు బెల్టు దగ్గర ఆగకుండా వెళ్లిపోతారు. ట్యాగు మీద ఏ ఊరున్నా సరే హైదరాబాదులో బెల్టు దగ్గరకు వెళ్లమని వాళ్లకు ఇప్పుడే చెప్పండి, బయల్దేరే రోజు ఇంకోసారి చెప్పండి. పెట్టె రాకపోతే అక్కడే ఫిర్యాదు రాయించి, ఆ కాగితం చేతిలో పెట్టుకునే కదలాలి. వైజాగ్ వచ్చి అడుగుదాంలే అనుకుంటే ఇక్కడి కౌంటరు వాళ్లకు దాని సంగతి తెలీదు.

పనిలో పని: నాన్నగారు దోహా డ్యూటీ ఫ్రీలో సీసా ఏదైనా కొంటే, హైదరాబాదులో పెట్టె చేతికొచ్చినప్పుడే బట్టల మధ్య సర్దేయమనండి. పవర్ బ్యాంకు మాత్రం చేతి సంచిలోనే ఉండాలి. రెండూ అటూ ఇటూ అయ్యాయంటే సెక్యూరిటీ దగ్గర ఇంకో ఇరవై నిమిషాలు పోతాయి.

ఇప్పుడు విడి టికెట్టు సంగతి. అమెరికా టికెట్టు మీద ఒక్కొక్కరికి 23 కిలోల పెట్టెలు రెండు వస్తాయి. దేశీయ విమానంలో ఎకానమీకి మామూలుగా ఇచ్చేది 15 కిలోలు. అంటే మనిషికి 31 కిలోలు ఎక్కువ, ఇద్దరికీ కలిపి 62. కిలోకి ఇంతని కట్టేసరికి మీరు చౌక అనుకున్న టికెట్టు చౌకగా ఉండదు. ఎలాగూ విడిగానే కొంటే ఆ బరువును ముందే ఆన్‌లైన్‌లో కట్టేయండి, కౌంటరు దగ్గర కట్టేదానికంటే తక్కువ పడుతుంది.

దీనికంటే పెద్ద తేడా ఇంకోటుంది. దోహా విమానం రెండు గంటలు ఆలస్యమైందనుకోండి. విడి టికెట్టయితే వైజాగ్ విమానం వాళ్ల లెక్కలో మీవాళ్లు ‘రాలేదు’, అంతే. డబ్బు పోయినట్టే, అప్పటికప్పుడు దొరికిన రేటుకు కొత్త టికెట్టు కొనుక్కోవాలి. అదే డాలస్ నుంచి వైజాగ్ దాకా ఒకే పీఎన్ఆర్ మీద ఉంటే తర్వాతి విమానంలో సీటు ఇప్పించాల్సిన పని ఎయిర్‌లైన్స్‌ది. ఒకసారి డిసెంబరులో మా అత్తగారూ వాళ్లూ చికాగో నుంచి ఢిల్లీ మీదుగా వస్తుంటే పొగమంచుకు విమానాన్ని వేరే ఊరికి మళ్లించారు. ఢిల్లీ చేరేసరికి వైజాగ్ విమానం వెళ్లిపోయింది. ఒకే టికెట్టు కాబట్టి మర్నాడు సీట్లు ఇచ్చారు, పైసా అడగలేదు. రాత్రి గది మాత్రం మేమే చూసుకున్నాం, వాతావరణం వల్ల అయినదానికి గది ఇచ్చేది లేదన్నారు. దాని మీద ఇక్కడ ఫోను పట్టుకుని మా మరిది చాలాసేపే వాదించాడు, ఫలితం లేదు.

కాబట్టి ముందు చేయాల్సిన పని, వెతికేటప్పుడు హైదరాబాదు దాకా కాకుండా వైజాగ్ దాకా కొట్టి చూడటం. ఖతార్ ఎయిర్‌వేస్‌కు ఇండిగోతో 2019లోనే కోడ్‌షేర్ ఒప్పందం (ఒకరి విమానంలో సీట్లు ఇంకొకరు తమ టికెట్టు మీద అమ్మడం) కుదిరింది, అలాంటి జోడీలు ఇంకా ఉన్నాయి. అలా ఒకే టికెట్టు దొరికితే నాలుగైదు వేలు ఎక్కువైనా తీసుకోండి. సామాను బరువు కూడా ఆ టికెట్టు మీద అమెరికా లెక్కే ఉంటుందో లేదో కొనేముందు చూసుకోండి, మామూలుగా ఉంటుంది.

ఇక వెనక ఏముంది అన్న సంగతి. మన వైజాగ్ వాళ్లకు ఇది ముఖ్యం. బెంగళూరో ముంబయో వెళ్లేవాళ్లకు ఒక విమానం తప్పితే ఇంకోటి ఉంటుంది. వైజాగ్‌కు ఢిల్లీ నుంచి నేరుగా వచ్చేవి రోజుకు కొన్నే, సాయంత్రంది తప్పిందంటే మర్నాడే. పైగా ఢిల్లీలో అంతర్జాతీయ విమానం దిగేది టెర్మినల్ 3లో. దేశీయ విమానం టెర్మినల్ 1 నుంచైతే పెట్టెలతో బయటికొచ్చి రోడ్డు మీద కొన్ని కిలోమీటర్లు వెళ్లాలి. డిసెంబరు, జనవరి పొగమంచు సరేసరి. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసేశాక ఢిల్లీ నుంచి అమెరికా వెళ్లొచ్చే మన సంస్థల విమానాలు చుట్టూ తిరగాల్సి వచ్చింది, కొన్ని మధ్యలో ఆగాల్సి కూడా వచ్చింది. నేరుగా విమానం అని మురిసిపోయేముందు ఇవన్నీ లెక్కేయాలి.

హైదరాబాదు అలా కాదు. టెర్మినల్ ఒకటే, కిందికీ పైకీ మారడమే. వైజాగ్ విమానాలు రోజంతా ఉంటాయి. అవీ కుదరకపోతే రైలుంది. సికింద్రాబాద్ వైపు పుష్పక్ బస్సు ఎయిర్‌పోర్టు నుంచే దొరుకుతుంది, సాయంత్రం గోదావరి, రాత్రి ఇంకా కొన్ని. 2023 జనవరిలో మొదలైన వందేభారత్ మధ్యాహ్నం బయల్దేరి రాత్రికి వచ్చేస్తుంది గానీ, ఇరవై గంటలు విమానంలో కూర్చుని దిగిన పెద్దవాళ్లను మళ్లీ ఎనిమిదిన్నర గంటలు కుర్చీలో కూర్చోబెట్టడం నాకు ఇష్టం ఉండదు. గోదావరిలో సెకండ్ ఏసీ బెర్తు దొరికితే హాయిగా పడుకుని వస్తారు. ఏసీ తత్కాల్ ముందురోజు పొద్దున్న పదింటికే తెరుస్తారు కాబట్టి అప్పటికప్పుడు అది పనికిరాదు. చార్టు తయారయ్యాక మిగిలిన బెర్తులకు కరెంట్ బుకింగ్ ఒక్కటే దారి. నాలుగు పెట్టెలతో రైలెక్కడం సుఖమని నేననను. విమానాలన్నీ ఆగిపోయిన రోజు కోసం చెప్తున్నాను.

అలాంటి రోజులు మనకు ఉంటాయి మరి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతం ఏ రోజు ఎలా ఉంటుందో తెలిసిందే. 2014 హుద్‌హుద్ తుపానుకు మన వైజాగ్ టెర్మినలే దెబ్బతింది. 2025 అక్టోబరు ఆఖర్లో మొంథా వచ్చినప్పుడు వైజాగ్ విమానాలు రద్దయ్యాయి. తుపాను రోజుల్లో రైళ్లు కూడా ఆపేస్తారు, అప్పుడు హైదరాబాదులో బంధువుల ఇల్లే గతి. మీవాళ్లు వచ్చేది ఆ నెలల్లో అయితే తేదీ మార్చుకునే వీలున్న టికెట్టే కొనండి.

మీవాళ్ల విషయంలో నేనైతే ఇలా చేస్తాను. ఒకే టికెట్టు దొరక్కపోతే, విడిగా తొమ్మిదింటి ప్రాంతంలో బయల్దేరే విమానం చూస్తాను, అంతకంటే ముందుది వద్దు. గల్ఫ్ విమానం గంటన్నర, రెండు గంటలు ఆలస్యమైనా అందుతుంది, ఆలస్యం కాకపోతే కాస్త కాఫీ తాగి నడుం వాలుస్తారు. మరీ ఎక్కువ విరామం కూడా పెట్టొద్దు. చాలా ముందుగా వెళ్తే కౌంటరులో పెట్టెలు తీసుకోరు, వాటికి కాపలాగా కూర్చోవడమే అవుతుంది. పది గంటలకు మించి ఉందంటే ఎయిర్‌పోర్టు దగ్గరే నోవోటెల్ ఉంది, లేదా ఊళ్లో ఎవరైనా ఉంటే వెళ్లి పడుకుని సాయంత్రం విమానానికి రావడం మేలు. డెబ్బై దాటిన ఒంటికి ఆ రాత్రి నిద్ర పోయినట్టే, కుర్చీలో కునికితే అది తీరదు.

వీల్‌చైర్ ఇద్దరికీ పెట్టించండి, అమ్మగారు నడవగలిగినా సరే. ఒక్కరికే పెడితే ఆవిడ వెనక సంచులు మోసుకుంటూ పరుగెత్తాలి. రెండు టికెట్లయితే రెండు సంస్థలకూ విడివిడిగా, కనీసం రెండు రోజుల ముందు చెప్పాలి. గల్ఫ్ విమానానికి పెట్టింది వైజాగ్ విమానానికి దానంతటదే రాదు.

ఈసారికి అందకపోవచ్చు గానీ, మళ్లీ వెళ్లేలోగా ఎఫ్‌టీఐ-టీటీపీ అనే ఫాస్ట్ ట్రాక్ ఇమిగ్రేషన్ పథకంలో పేర్లు నమోదు చేయించండి, డెబ్బై దాటినవాళ్లను తీసుకుంటారో లేదో మాత్రం ముందు చూసుకోండి. 2024 జూన్‌లో ఢిల్లీలో మొదలై 2025 జనవరిలో హైదరాబాదుకూ వచ్చింది. ఉచితం, భారతీయ పాస్‌పోర్టు వాళ్లకూ, వేరే దేశ పౌరులైన మనవాళ్లకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నవాళ్లకూ. కేంద్ర హోంశాఖ వెబ్‌సైట్లో దరఖాస్తు పెట్టి ఒకసారి వేలిముద్రలు ఇస్తే, ఇమిగ్రేషన్‌లో వరస లేకుండా ఈ-గేటు నుంచి వెళ్లొచ్చు. వీల్‌చైర్ అక్కర్లేని మీకూ మీ చెల్లెలికీ ఇంకా బాగా పనికొస్తుంది.

హైదరాబాదే వద్దనుకుంటే ఇంకో దారి: సింగపూర్ నుంచి స్కూట్ విమానం నేరుగా వైజాగ్‌లో దిగుతుంది. ఇమిగ్రేషన్, కస్టమ్స్ అన్నీ ఇక్కడే, మధ్యలో దేశీయ విమానం గొడవే లేదు. సింగపూర్ ఎయిర్‌లైన్స్ దాని మాతృసంస్థే కాబట్టి ఒకే టికెట్టులో చూడండి. కాలిఫోర్నియా, సియాటిల్ వైపు వాళ్లకు ఇది చక్కగా కుదురుతుంది. డాలస్ నుంచి దూరం ఎక్కువ, రేటూ ఎక్కువ పడొచ్చు, మీకు నచ్చకపోవచ్చు.

ఇక్కడ దిగాక తీసుకెళ్లడానికి వచ్చేవాళ్లకు ఏ ఎయిర్‌పోర్టో స్పష్టంగా చెప్పండి. నేవీ వాళ్ల ఐఎన్ఎస్ డేగలోని పాత ఎయిర్‌పోర్టులో దిగితే ఎన్ఏడీ జంక్షన్ పక్కనే. విమానాలు భోగాపురం కొత్త ఎయిర్‌పోర్టుకు మారాక అయితే ఊళ్లోకి రావడానికే మరో గంట పైచిలుకు పెట్టుకోవాలి.

చివరిగా ఫోను. ఇక్కడి ఎయిర్‌పోర్టుల్లో వైఫైకి ఓటీపీ మన నంబరుకే వస్తుంది. అమెరికాలో ఆరు నెలలున్నవాళ్ల ఇండియా సిమ్ రీచార్జి లేక ఆగిపోయి ఉంటుంది. బయల్దేరడానికి వారం ముందే మీరు ఆన్‌లైన్‌లో రీచార్జి చేయించి, పనిచేస్తోందో లేదో ఒకసారి ఫోన్ చేసి చూడండి. బోర్డింగ్ పాసులు రెండూ, మీ నంబరూ కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి నాన్నగారి చొక్కా జేబులో పెట్టించండి. వీల్‌చైర్ అబ్బాయికి ఆ కాగితం చూపిస్తే సరిపోతుంది.